టైలరమ్మ రెండు కళ్ళు

మా వీధి టైలరమ్మకి లేజరు ఆపరేషనులో ఒక కన్ను పోయిందన్న మాట శుద్ధ అబద్ధం. ఇంత గట్టిగా ఎలా చెబుతున్నానంటే, ఆ పుకారు పుట్టించింది నేనే.

ఆమెకి నలభై నాలుగేళ్ళు. చిన్నప్పటి నుంచీ సోడాబుడ్డి అద్దాలు. మిషను మీద వంగితే జారేవి, ఇస్త్రీ పెట్టె ఆవిరికి మసకబారేవి. ఇల్లంతా ఆ మిషను మీదే నడుస్తుంది. కాజాలు కుట్టాలంటే మాత్రం అద్దాలు నెత్తిమీదికి తోసి, గుడ్డని ముక్కుకి ఆనించుకునేది.

ఆ అద్దాలు వదిలించుకోవడానికి చేయించుకున్న ఆపరేషనైన నెలకి బస్టాపులో కనబడింది. అద్దాల్లేవు. ఎడమ కన్ను అరచేత్తో మూసుకుని బస్సు బోర్డు చదువుతోంది. పలకరిస్తే తేలిపోయేది. నాకంత ఓపికెక్కడిది? నేరుగా మందుల షాపుకెళ్ళి, "పాపం, ఎడమది పోయినట్టుందయ్యా" అన్నాను. సాయంత్రానికి ఆ మాట వీధంతా తిరిగి నా దగ్గరికే వచ్చింది. "అయ్యో, నిజమా!" అని నేనే ముక్కున వేలేసుకున్నాను.

పదిహేను రోజుల్లో ఆమె గుమ్మంలో జనం పలచబడ్డారు. బడి యూనిఫాంలు వేరే కొట్టుకి పోయాయి. "ఒంటికంటితో ఏం కుడుతుంది లెండి" అని ఎదురింటి కోడలు నాతోనే అంది.

నిజం తేల్చాలని బొత్తాలమ్మే ఆయన్ని అడిగాను, నీళ్ళ డబ్బాలు తెచ్చే ఆయన్ని అడిగాను, ఆఖరికి ఆమె ఆడపడుచుని అడిగాను. "మా వదిన్నే అడగొచ్చుగా!" అని విసుక్కుంది. అంత సులువైన దారి నా బుర్రకెలా తడుతుంది?

వెళ్ళాను. నా కళ్ళముందే మొదటిసారికే సూదిలోకి దారం ఎక్కించింది. ఇక ఉండబట్టలేక, "అమ్మాయ్, అడక్కూడదు గానీ... ఆ ఎడమ కన్ను ఉందా, పోయిందా?" అనేశాను.

"నిక్షేపంలా ఉంది పిన్నిగారూ. ఈ వయసులో రెండూ దూరానికే దిద్దితే, సూదికి మళ్ళీ అద్దాలు కావాలన్నారు డాక్టరు. అందుకే కుడిది దూరానికి, ఎడమది కాస్త తక్కువగా, దగ్గరి పనికి దిద్దించుకున్నా. దూరపు బోర్డు చదవాలంటే ఎడమది మూసుకుంటా, అంతే. ముందు కంట్లో పెట్టుకునే లెన్సులతో అలాగే వారం కుట్టి చూసుకున్నాకే ఒప్పుకున్నా. ఇప్పుడు కుడి కంటికి, వీధి మలుపులో మీరు మందుల షాపాయన చెవి కొరకడం కనబడుతుంది. ఎడమ కంటికి, మీ జాకెట్టు చంకలో ఊడిన కుట్టు కనబడుతోంది. కొత్త కొట్లో ఇచ్చారు కదూ? పట్రండి, సరిచేస్తా. వచ్చే దారిలో ఆ షాపాయనకి కూడా ఓ మాట చెప్పి రండి."