జిరాఫీ నీళ్లు తాగే తీరు

మా మేనత్త పోయిందన్న కబురు చెన్నై కోడంబాక్కంలో ఆమె కింది వాటాలో ఉండే ఆవిడ ఫోన్ చేసి చెప్పింది. పొద్దున కాకికి అన్నం పెట్టి, మేడ దిగి వచ్చి, వరండా కుర్చీలో కూర్చుందట. ఈవిడ కాఫీ కలిపి తెచ్చేసరికి అయిపోయింది. "కాకి తినేసి పోయింది పాపా. ఆమే ఏమీ తినలా" అంది ఆవిడ. అంతవరకూ నిబ్బరంగా విన్నదాన్ని, ఆ మాట దగ్గర నావల్ల కాలేదు.

మామ పోయినప్పటి నుంచీ అత్త కాకికి పెట్టకుండా మెతుకు ముట్టేది కాదు. ఈ ఊళ్లో చాలామంది చేసే పనే అది. మా అత్త ఇంకో అడుగు ముందుకు వేసి, అన్నంతోపాటు వార్తలు కూడా పెట్టేది. "ఇదో, నిన్న నీళ్ల లారీ రాలా. కిందవాళ్ల పిల్లకి సంబంధం కుదిరేట్టుండాది. నా మోకాలు అట్టానే ఉండాది." కాకి తల పక్కకు వంచి వినేది. కాకులన్నీ అలాగే చూస్తాయి. ఆ ముక్క అత్త ముందు అనే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

మామ సినిమా సెట్లకు వెనక కట్టే తెరలు వేసేవాడు. కొండలు, కోటలు, వెన్నెల, ఏది అడిగితే అది రెండు రోజుల్లో గుడ్డ మీదికి వచ్చేది. ఒకసారి ఏదో పాట కోసం ఆఫ్రికా అడవి కావాలన్నారు. ఏనుగులూ సింహాలూ వేశాక, మూల ఖాళీగా ఉందని ఒక మడుగూ, అందులో నీళ్లు తాగుతున్న జిరాఫీనీ వేశాడు. జిరాఫీని ఆయన చూసింది క్యాలెండర్‌లో, అదీ నిలబడి ఉన్నదాన్ని. అందుకని కాళ్లు నాలుగూ నిటారుగా ఉంచేసి మెడ మాత్రం కిందికి దించాడు. నీళ్లు అందలేదు. మెడను ఇంకాస్త సాగదీశాడు. ఎవరూ ఏమీ అనలేదు. పాటా తీశారు, సినిమా కూడా వచ్చింది. హాల్లో తెర మీద ఆ జిరాఫీ కనబడినంతసేపూ మామ తల దించుకునే కూర్చున్నాడట.

"నోటితో అయితే తెలీదని చెప్పొచ్చు, కుంచెతో ఎట్టా చెప్పేది?" అనేవాడట మామ. ఆయన పోయాక ఆ మాట అత్తది అయిపోయింది. వంటలో ఉప్పు ఎక్కువైనా, నేను పరీక్షలో తప్పు రాసి వచ్చినా అదే మాట. మామ కుంచెల్ని మాత్రం పారేయలేదు. నెలకోసారి ఎండలో పెట్టి, దులిపి, మళ్లీ డబ్బాలో వేసేది.

కొన్నేళ్ల కిందట మా ఆఫీసు వాళ్లం కొందరం కెన్యాలో సఫారీకి బయలుదేరాం. మూడు పగళ్లు, రెండు రాత్రులు, గుడారాల్లో పడక. అత్తకు ఊరికే చెప్పాను.

"నేనూ వస్తా మే" అంది.

"అత్తా, అది కాశీ కాదు. డేరాలో పడుకోవాల."

"పడుకుంటా. జిరాఫీ నీళ్లు ఎట్టా తాగుతుందో చూడాల. చూసి మీ మామకి చెప్పాల."

నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు. మర్నాడే పాస్‌పోర్ట్ ఫొటో దిగి వచ్చింది.

మొదటి ఉదయమే చిక్కు వచ్చింది. రాత్రి భోజనంలో మిగుల్చుకున్న అన్నాన్ని ముద్ద చేసి, అత్త గుడారం వెనక రాయి మీద పెట్టబోయింది. మా గైడు పరుగున వచ్చి ఆపాడు. మనిషి తిండికి అలవాటు పడ్డ జంతువు మనిషి జోలికి వస్తుంది, చివరికి దాన్ని కాల్చాల్సి వస్తుంది అన్నాడు. నేను తెలుగులో చెప్పాను. అత్త గబగబా ముద్దను చీరకొంగులో దాచేసుకుని, "అయ్యో, నాకు తెలీదని చెప్పు మే. పాపం, తెలిస్తే చేస్తానా" అంది. గైడు మెత్తబడి, అన్నం మీరు తినండి అన్నాడు. కాకికి పెట్టకుండా ఆమె తినదు కదా. ఇక తిరుగు ప్రయాణం దాకా రొట్టె, అరటిపండుతోనే గడిపింది. పొట్ట దగ్గర తెల్ల బనీను తొడుక్కున్నట్టుండే కాకులు అక్కడ బోలెడున్నాయి. వాటికి నోటితో అయినా కబురు చెప్పచ్చు కదా అన్నాను.

"ఇవి ఈ ఊరివి. మామ కాకి ఇంట్లో ఉండాది" అంది.

జిరాఫీలు ఎన్నో కనబడ్డాయి. ఆకులు తిన్నాయి, నడిచాయి, మమ్మల్ని చూశాయి. నీళ్లు మాత్రం తాగలేదు. ఆకుల్లోని తడే వాటికి చాలావరకు సరిపోతుందనీ, రోజూ తాగవనీ గైడు చెప్పాడు. రెండో రోజు ఒక మడుగు దగ్గర కాచుకుని ఉండగా సింహం కనబడిందని వైర్‌లెస్‌లో కబురు వచ్చింది. జీపులో అందరూ పోదాం పోదాం అన్నారు. అత్త నా చెయ్యి తట్టి, "పోదాం. వాళ్లు సింహానికి గదా వచ్చినారు" అంది. మేం వెళ్లేసరికి సింహం లేదు.

మూడో రోజు ఉదయం చివరి తిరుగుడు. అత్త రానంది. మా గుడారాలు ఏటి ఒడ్డునే ఉన్నాయి, కాపలా మనిషి ఉంటాడు, ఈడనే కూర్చుని చూస్తానంది. నేనూ ఉండిపోనా అన్నాను. ఉండాలని అనలేదు, మాటవరసకు అన్నాను. అది ఆమెకు తెలిసింది.

"నువ్వు పో మే" అంది. నేను వెంటనే జీపెక్కాను.

సింహం దొరికింది. పొద పక్కన మాకు వీపు పెట్టి నిద్రపోతోంది. గంటసేపు దాని వీపు చూసి వెనక్కి వచ్చాం. అత్త బట్టకుర్చీలో అలాగే కూర్చుని ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, ముఖం వెలుగుతోంది. కాపలా మనిషి నన్ను చూసి బొటనవేలెత్తి నవ్వాడు.

"వచ్చిందా అత్తా? తాగిందా?"

"వచ్చింది."

"ఎట్టా తాగింది?"

"మొదట మీ మామకి చెప్పాల" అంది. దారి పొడుగునా, విమానంలో కూడా, ఎంత బతిమాలినా నోరు విప్పలేదు.

చెన్నైలో దిగిన మర్నాడు పొద్దున నన్ను మేడ మీదికి రమ్మంది. ముద్ద పెట్టింది, కాకి వచ్చింది. అత్త మొదలుపెట్టింది.

"ఇదో, వినండి. నీళ్ల కాడికి వచ్చి నిలబడింది. వంగదే! ఇట్టా చూస్తది, అట్టా చూస్తది. వంగినప్పుడే గదా దానికి భయం. అరగంట చూసింది. ఆమైన ఏం చేసిందంటే..."

పిట్టగోడ మీద రెండు చేతులూ దగ్గరగా ఆనించింది. కుడిచెయ్యి కొంచెం పక్కకు జరిపింది. ఆగి చూసింది. ఎడమచెయ్యి జరిపింది. అలా చేతుల మధ్య బారెడు ఎడం వచ్చేదాకా జరిపి, అప్పుడు మెల్లగా తల వంచింది. డెబ్బై దాటిన మనిషి, నూలుచీర, మోకాలి నొప్పి. గోడకు ముక్కు ఆనేంతగా వంగి అలాగే ఉండిపోయింది.

"ముందుకాళ్లు ఎడంగా పెట్టాల. అప్పుడుగానీ అందదు. మీరు కాళ్లు నిటారుగా పెట్టి మెడ సాగదీసినారు, తప్పే. పోనీండి. ఆపొద్దు మీకు చెప్పేవాళ్లు లేరు గదా."

జిరాఫీ నీళ్లు తాగడం నేను చూసింది అప్పుడే, అలాగే. ఆ తర్వాత అత్తను చూడటానికి వెళ్లిన ప్రతిసారీ, నేను వచ్చేసేటప్పుడు గుమ్మంలో నిలబడి, "నువ్వెప్పుడు చూస్తావు మే?" అని అడిగేది. చూద్దాంలే అత్తా అనేదాన్ని. సింహం వీపు కోసం ఆమెను ఒంటరిగా వదిలి వెళ్లానని నాకు సిగ్గుగా ఉండేది. ఆమెకు ఆ కోపం లేదు. అంత మంచి సంగతి నేను చూడలేకపోయానన్న బాధే.

అత్తకు పిల్లలు లేరు. మా అన్నే కర్మ చేశాడు. పదో రోజు పిట్టగోడ మీద పిండం పెట్టి, పక్కన చెంబుతో నీళ్లు ఉంచాం. కాకి వచ్చి కొబ్బరికొమ్మ మీద వాలింది. దిగలేదు. ఏదో కోరిక మిగిలిపోయిందన్నారు అందరూ. ఆమె నగ ఆమె కోరినవాళ్లకే ఇస్తామన్నారు ఒకరు. తిరుపతి మొక్కు తీరుస్తామన్నారు ఇంకొకరు. కాకి కదలలేదు. ఎండ ఎక్కుతోంది.

నేను గోడ దగ్గరికి వెళ్లాను. అందరూ వింటున్నారని బిడియపడుతూనే పైకే అన్నాను.

"అత్తా, నేను పోయి చూస్తా. ఈసారి సింహం వచ్చినా లేవను."

నా మాటకే వచ్చిందని చెప్పను, దానికి ఆకలి వేసి ఉండొచ్చు. కాకి గోడ మీదికి దిగింది. ఇటు చూసింది, అటు చూసింది. పిండం జోలికి పోకుండా ముందు చెంబు దగ్గరికి నడిచి, నీళ్ల మీదికి మెల్లగా తల వంచింది.