పేషెంటు పిన్ని

పెద్ద లాండ్రీ మూతపడ్డాక, అందులో ఇస్త్రీ చేసే ఆమెకు దొరికిన పని నేల తుడవడం. రైలుకట్ట పక్క వీధిలో, కింద టైర్ల దుకాణం, పైన ఒక సేవాసంస్థ. చదువు మధ్యలో ఆగిపోయి, ఇంట్లో ఆసరా లేని కుర్రకారుకు అక్కడ ఉచితంగా పని నేర్పి ఉద్యోగంలో పెట్టేవారు. మంచాన పడినవాళ్ళను, ముసలివాళ్ళను చూసుకునే పని. మనిషిని నొప్పి కలగకుండా ఒత్తిగిలించడం, లేపి చక్రాల కుర్చీలో కూర్చోబెట్టడం, ఒళ్ళు తుడవడం, స్పూనుతో తినిపించడం.

ఆమె చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుని తమ్ముడింట్లో ఉంటోంది. నోట్లో నాలుక లేని మనిషని అందరూ మెచ్చుకునేవారు. ఎవరేమడిగినా ఆమె జవాబు ఒకటే. "పర్లేదు."

సంస్థలో నేర్పే టీచరు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. పాఠానికి మనిషంత ప్లాస్టిక్ బొమ్మ ఒకటి ఉండేది. పిల్లలు దాన్ని బస్తాలా దొర్లిస్తుంటే చూసి చూసి, టీచరు ఒకరోజు గుమ్మం దగ్గర తడిగుడ్డ పిండుతున్న ఆమెను పిలిచింది.

"అమ్మా, ఆ బకెట్ పక్కన పెట్టి కాసేపు ఈ మంచం మీద పడుకుంటారా?"

"నేనా? ఎందుకండీ?"

"మీరేం చెయ్యక్కర్లేదు. కుడివైపంతా చచ్చుబడిపోయిందనుకోండి, చాలు."

ఆమె చేతులు తుడుచుకుని మంచమెక్కి కుక్కిన పేనులా పడుకుంది. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఆమెను పక్కకు తిప్పారు. ఒకడి గోరు గీసుకుంది. ఇంకొకడు ఆమె చేతిని తలుపు గడియలా లాగాడు. ఎలా ఉందని టీచరు అడిగితే "పర్లేదండీ" అంది.

టీచరు పిల్లల్ని బయటికి పంపి మంచం అంచున కూర్చుంది.

"పర్లేదనడానికైతే నాకు బొమ్మే చాలమ్మా. నొప్పెడితే నొప్పనండి. చెయ్యి చల్లగా తగిలితే చల్లగా ఉందనండి. మీ పని అదే."

"పాపం, పిల్లలు చిన్నబుచ్చుకుంటారేమో."

"చిన్నబుచ్చుకోనివ్వండి. రేపు వీళ్ళ చేతుల్లో పడేవాళ్ళలో సగం మంది నోరు విప్పలేరు."

నేల తుడవడానికి మరొకరిని పెట్టుకున్నారు. ఆమె ఉద్యోగం పడుకోవడమైంది. ఇంట్లో సంగతి తెలిసిన రోజు మరదలు నవ్వాపుకోలేకపోయింది. "కూర్చుని తింటే కొండలు కరుగుతాయంటారు. పడుకుని తింటే ఏం కాదు కాబోలు వదినా." తమ్ముడు మాత్రం పరాయి కుర్రాళ్ళు ముట్టుకోవడమేమిటని ముఖం ముడుచుకున్నాడు.

"ఆసుపత్రిలో ముట్టుకోరా?" అంది ఆమె.

అక్క ఎదురు చెప్పడం అతనికి కొత్త.

ఆమె నోరు పెగలడానికి కొన్ని వారాలు పట్టింది. మొదట్లో "కొంచెం..." అని ఆగిపోయేది. తర్వాత "ఆ చెయ్యి నడుం కింద కాదు బాబూ, భుజం కింద పెట్టు" అనగలిగింది. ఆ తర్వాత "నీళ్ళు పట్టేటప్పుడు గ్లాసు కాదురా, నా మొహం చూడు" అని కసిరేదాకా వచ్చింది. పిల్లలు ఆమెకు పేషెంటు పిన్ని అని పేరు పెట్టారు. ఒక సాయంత్రం ఇంట్లో టీవీ హోరెత్తిపోతుంటే "కాస్త తగ్గించమ్మాయ్, తలనొప్పిగా ఉంది" అంది. మరదలు తగ్గించింది. అది అంత తేలికని ఆమెకు అన్నేళ్ళూ తెలియలేదు.

ఆ విడత పిల్లల జట్టులో ఒక పొడుగమ్మాయి ఉండేది. తల్లి పోయింది, తండ్రి ఇంటిపట్టున ఉండడు, ఇద్దరు తమ్ముళ్ళ బరువు ఆ పిల్ల మీదే. పనిలో చురుకు. మనిషి మంచం మీద ఉండగానే కింద దుప్పటి చిటికెలో మార్చేసేది. కానీ మొదలుపెట్టిన పని మధ్యలో ఆపేది కాదు. "ఆగు తల్లీ" అంటే "అయిపోయింది పిన్నీ, అయిపోయింది" అంటూ కానిచ్చేసేది.

శిక్షణ చివర్లో ఒక వృద్ధాశ్రమం మేనేజరు పిల్లల్ని ఎంచుకోవడానికి వచ్చింది. పరీక్షకు ముందు వరండాలో పొడుగమ్మాయి గొంతు తగ్గించి అడిగింది.

"పిన్నీ, ఇవాళ నన్ను కొంచెం చూసుకో."

"సరిగ్గా చేస్తే చూసుకునేదేముంది?"

ఆ పిల్ల ఆమెను ఒక్క ఊపున లేపి కుర్చీవైపు తిప్పింది. పిన్ని పాదం కుర్చీ చక్రం దగ్గర ఇరుక్కుంది. "ఆగు" అంది పిన్ని మెల్లగా. "అయిపోయింది పిన్నీ" అంటూ ఆ పిల్ల కూర్చోబెట్టేసింది. దూరంగా నిలబడ్డ మేనేజరుకు ఏదీ వినబడలేదు.

"ఎలా చేసిందమ్మా?" అని మేనేజరు పిన్నిని అడిగింది.

పాతమాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ పిల్ల తమ్ముళ్ళు కళ్ళముందు మెదిలారు.

"బాగా లేపిందండీ. బలముంది, భయం లేదు. కానీ కాలు ఇరుక్కుంటే ఆగమన్నాను. ఆగలేదు."

మేనేజరు మిగతావాళ్ళలో చాలామందిని తీసుకుంది, ఆ పిల్లను తీసుకోలేదు. పొడుగమ్మాయి మెట్ల దగ్గర కాపు కాసింది.

"నోటి దగ్గర కూడు లాగేశావు. పర్లేదంటే నీ సొమ్మేం పోయేది?"

ఆ రాత్రి పిన్నికి ముద్ద దిగలేదు. తప్పు చేశాననుకోలేదు. మంచి చేశానని కూడా అనుకోలేకపోయింది.

టీచరు ఆ పిల్లను తర్వాతి జట్టులో కూర్చోబెట్టింది. చాలా రోజులు పిన్నితో మాటల్లేవు. ఒక ఉదయం మాత్రం ఇంకా ఎవరూ రాకముందే వచ్చి మంచం చూపించింది. "పడుకో."

పిన్ని పడుకుంది. ఆగమన్న ప్రతిసారీ ఆ పిల్ల పళ్ళు బిగించి ఆగింది. చివరికి మంచానికీ కుర్చీకీ మధ్య, బరువంతా చేతుల మీద ఉండగా పిన్ని మళ్ళీ ఆగమంది.

"ఇప్పుడేమైంది?"

"ఏం కాలేదు. ఊరికే."

"నా నడుం విరుగుతోంది పిన్నీ."

"అయితే కదులు."

నవ్వకూడదనుకుంటూనే ఆ పిల్ల నవ్వేసింది. ఇద్దరూ కలిసి కుర్చీలో కూలబడ్డంత పనయింది.

ఈసారి అదే వృద్ధాశ్రమం ఆ పిల్లను తీసుకుంది. కొన్నాళ్ళకు బస్‌స్టాపులో పిన్నికి కనబడింది. ఒంటి మీద ఆశ్రమం వాళ్ళ నీలం కోటు, కళ్ళకింద నలుపు.

"పని ఎలా ఉందే?"

"ఒక తాతగారున్నారు పిన్నీ. చెయ్యి వేస్తే చాలు, ఆగమంటారు. ప్రతిసారీ ఆగితే మిగతా గదులు తెమలవు."

"మరేం చేస్తున్నావు?"

"సగంసార్లు ఆగుతున్నాను."

బస్సొచ్చింది. ఆ పిల్ల ఎక్కి, కిటికీ పక్క సీటు దొరకగానే కళ్ళు మూసుకుంది.