పదకొండో అడుగు

పక్షవాతం నుంచి కోలుకుంటున్న మా అవ్వను ఈ రోజు మదనపల్లెలో ఫిజియోథెరపీకి తీసుకెళ్లాను. నేలమీద గీసిన గీత వెంబడి ఎవరినీ పట్టుకోకుండా పది అడుగులు వేస్తే, ఇంట్లో తోడు లేకుండా తిరగొచ్చని ఫిజియోతో ఒప్పందం. అందాకా బాత్రూం తలుపు దాకా నేనే అధికారిక అంగరక్షకుడిని. ఈ పదవి ఆమెకు బొత్తిగా నచ్చలేదు.

మూడుసార్లు ప్రయత్నించింది, మూడుసార్లూ నాలుగో అడుగుకే పక్కకు ఒరిగింది.

"నలభై ఏండ్లు టమోటా గంపలు మోసినా. నెత్తిన బరువు లేకుంటే నాకు నడక రాదప్పా," అంది ఫిజియోతో.

"పడిపోతావు అవ్వా."

"పట్టుకునేదానికి నువ్వుండావు కదా. నీకు జీతం దేనికిస్తాండారు?"

తువాలు చుట్ట చుట్టి నెత్తిన పెట్టుకుంది. కాళ్ల వ్యాయామానికి వాడే చిన్న ఇసుక సంచిని దానిమీద పెట్టించుకుంది. ఫిజియో చేతులు చాచి పక్కనే నడుస్తుంటే, మెడ నిలబెట్టి పదకొండు అడుగులు వేసింది.

"పది చాలు కదవ్వా," అన్నాను.

"పదకొండోది నీ ఉద్యోగం పీకేదానికి."

ఇంటికొచ్చాం, ఇప్పుడే బాత్రూం గడియ లోపలి నుంచి పడింది. లోపలికెళ్లేటప్పుడు అవ్వ నెత్తిన తువాలు చుట్ట అలాగే ఉంది. నిరుద్యోగిగా అడుగుతున్నాను, మీ ఇంట్లో మిమ్మల్ని ఇంత మర్యాదగా ఎవరైనా తొలగించారా?