పిలవని చోటు

తైవాన్‌లో యీలాన్ రైల్వే స్టేషను వెనక సందులో ఒక టిఫిన్ కొట్టు ఉంది. తెల్లవారుజామున అయిదింటికి తెరుస్తారు, పదకొండింటికల్లా రేకు తలుపు దించేస్తారు. ఆ కొట్టు కోడలు యీరోంగ్‌కి ముప్ఫై ఒకటో ఏడు నడుస్తోంది. బడిపిల్లల దగ్గర నుంచి బస్సు డ్రైవర్ల దాకా అందరికీ ఆమె "అట్ల కొట్టు కోడలు". పెళ్ళికి ముందు నీళ్ళు పరీక్ష చేసే లాబులో రోజుకు అరవై సీసాలు చూసేదని ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. ఆమెకూ పెద్దగా గుర్తులేదు.

ఆమె భర్త యుంగ్‌షున్ ఆ కొట్టులోనే పుట్టి పెరిగినవాడు. ఉల్లికాడలు తరగడం నడక కంటే ముందు నేర్చుకున్నాడని వాళ్ళమ్మ అషుయే చెప్పుకునేది. ముప్ఫై నిండని వాళ్ళు ఒక ఏడాది పాటు పనిచేసుకుంటూ, తిరిగి చూసుకుంటూ బతకడానికి న్యూజీలాండ్ వీసా ఇస్తుందని తెలిసి, నిండుతుందనగా ఇద్దరూ దరఖాస్తు పెట్టుకున్నారు. అషుయే కాదనలేదు. ఏడాదే కదా, పోయి రండి, వచ్చాక కొట్టు నీదే, నేను నడుం వాలుస్తాను అంది కొడుకుతో.

వెళ్ళారు. ముందు ఉత్తరాన కివీ పళ్ళ కోత. తరవాత చలికాలమంతా తీగలు కత్తిరించడం. పొద్దున్నే చేతివేళ్ళు కొయ్యముక్కల్లా ఉండేవి. బసలో ముప్పావు వంతు తైవాన్ పిల్లలే. ఒకటే వంటిల్లు, పదకొండు అన్నం కుక్కర్లు. ఎవరి కుక్కరు ఎవరు ముట్టుకున్నారన్న తగాదా తప్ప వేరే లోకం ఉండేది కాదు. యీరోంగ్ రోజులు లెక్కపెట్టుకునేది. యుంగ్‌షున్ పెట్టుకోలేదు. తీగని చూసి ఏ కొమ్మ కాస్తుందో, ఏది కాయదో చెప్పడం అతనికి అబ్బింది. తోట యజమాని అతన్ని వెంటేసుకుని తిరిగేవాడు.

వేసవిలో దక్షిణానికి దిగి చెర్రీలు కోశారు. కోత అయిపోయాక, వీసా గడువు ఇంకో నెల ఉందనగా, పాత వ్యాను ఒకటి తీసుకుని సెలవు గడపడానికి బయల్దేరారు. ఎవరూ లేని రోడ్లు. రాత్రి తొమ్మిదింటి దాకా వెలుతురు. మంచుకొండల నీళ్ళు దిగే సరస్సు ఒకటి కనిపిస్తే దాని పక్కన వ్యాను ఆపి రెండు రోజులు ఉన్నారు.

రెండో రోజు పొద్దున యుంగ్‌షున్ చెప్పాడు. తోట యజమాని తనకు శాశ్వతంగా ఉద్యోగం ఇస్తానన్నాడట. కత్తిరింపు మనుషుల మీద మేస్త్రీగా ఉండాలట. తనకు తిరిగి వెళ్ళాలని లేదట.

"మీ అమ్మకి నువ్వు చెప్పుకో. నా నోటితో నేను చెప్పను," అంది యీరోంగ్.

అతను ఫోను పట్టుకుని సిగ్నలు దొరికే మిట్ట మీదికి నడిచాడు. పావుగంటకు తిరిగొచ్చాడు. చెప్పావా అని అడిగితే, అక్కడ కొట్టు తెరిచే వేళ, తరవాత చూద్దాం అన్నాడు. చొక్కా విప్పి వ్యాను తలుపుకు తగిలించి, ఈతకొట్టి వస్తానని చెక్క వంతెన వైపు వెళ్ళాడు. అది ఒడ్డు నుంచి నీళ్ళలోకి కట్టిన చిన్న రేవు. పడవలు కట్టుకునేది.

నీళ్ళు పదకొండు డిగ్రీలు. అంత చల్లటి నీళ్ళలోకి ఒక్కసారిగా దూకితే ఊపిరి తనంతట తాను లోపలికి గుంజుకుంటుంది, ఆ గుటకలో నీళ్ళుంటే మనిషి నిమిషంలో పోతాడు. ఇదంతా తరవాత పోలీసు చెప్పాడు. అతను దూకుతున్నప్పుడు యీరోంగ్ నూడుల్స్ ఉడికిస్తోంది. అవతల చేపలు పట్టే ముసలాయన కేకలు వేశాడు. ఆమె ముందు స్టవ్ ఆపింది. ఆ తరవాతే పరిగెత్తింది. స్టవ్ ఆపడానికి ఎంతసేపు పట్టిందో ఆమె చాలాసార్లు ఊహించుకుంది. రెండు సెకన్లు ఉంటుంది. ఆ రెండు సెకన్ల వల్ల ఏమీ మారేది కాదని ఆమెకు తెలుసు. తెలియడం ఒక పక్కన ఉంది, ఆమె ఇంకో పక్కన ఉంది.

కాగితాలు, దహనం, అస్థికల పెట్టె అన్నీ పన్నెండు రోజుల్లో అయిపోయాయి. అషుయే రాలేదు. ఆమె విమానం ఎక్కి ఎరగదు. పైగా నెరిసిన తల నల్లటి తలని, తల్లి కొడుకుని, సాగనంపకూడదంటారు. కానీ ఫోనులో ఒక్కటే మాట పదేపదే చెప్పింది. అస్థికలు తెస్తే వాడు వచ్చినట్టు కాదు. నీళ్ళలో పోయినవాడు నీళ్ళ దగ్గరే నిలబడి ఉంటాడు. అక్కడ వాడి చొక్కా పట్టుకుని పేరు పెట్టి మూడుసార్లు పిలవాలి. అక్కడ నుంచి ప్రతి వంతెన దగ్గరా, ప్రతి సొరంగం దగ్గరా, బండి మారిన ప్రతిసారీ చెబుతూ తీసుకురావాలి.

"వాడు నిద్దట్లో నడిచేవాడి లాంటివాడు అమ్మాయ్. నీ గొంతు ఎటుంటే అటు వస్తాడు. నువ్వు నోరు మూసుకున్న చోట ఆగిపోతాడు. తెలిసిందా?"

తెలిసింది అంది యీరోంగ్.

బయల్దేరే రోజు రేవు మీదికి వెళ్ళి చొక్కా పట్టుకుని నిలబడింది. ఎండలకు గడ్డి ఎండిపోయి ఉంది, నిప్పు వెలిగించకూడదని బోర్డు పెట్టారు, అందుకని అగరుబత్తీలు వెలిగించకుండానే పట్టుకుంది. నోరు తెరిచింది. ఇంటికి పోదాం రా అనాలి. రానన్నాడు కదా అనిపించింది. దుఃఖమేమీ కాదు, దరఖాస్తులో తప్పు గడి నింపబోతుంటే చెయ్యి ఆగినట్టు ఆగింది. కాసేపు నీళ్ళవైపు చూసి, చొక్కా మడతపెట్టుకుని, వచ్చి బస్సెక్కింది.

అయినా మిగతాదంతా చెప్పినట్టే చేసింది. వంతెన వచ్చినప్పుడల్లా "యుంగ్‌షున్, వంతెన దాటుతున్నాం" అంది. ఆ దారిలో వంతెనలు చాలా ఉన్నాయి. ఎవరితో మాట్లాడుతున్నావని బస్సు డ్రైవరు అడిగితే, మా ఆయనతో అంది. అతను ఒళ్ళోని పెట్టె వైపు చూశాడు. ఆ తరవాత ప్రతి వంతెన ముందూ బండి కొంచెం నెమ్మదిగా పోనిచ్చాడు. యీరోంగ్‌కి అది చూసి కూడా ఏమీ అనిపించలేదు. వెనక ఎవరూ రావడం లేదని ఆమెకొక్కదానికే తెలుసు. విమానంలో సీట్లన్నీ నిండాయి, నా పక్కనే సర్దుకో అని ఎవరూ లేని చోటికి చెప్పింది.

తైవాన్‌లో దిగితే ఆడపడుచు యుంగ్‌లాన్ కారు తెచ్చింది. యీలాన్ చేరాలంటే పదమూడు కిలోమీటర్ల సొరంగం దాటాలి. లోపలికి వెళ్ళగానే యుంగ్‌లాన్ కిటికీ అద్దం వేలెడు దించింది.

"అన్నయ్యా, సొరంగం వచ్చింది. ఊపిరి బిగపట్టకు, చిన్నప్పుడు ఇక్కడే బిగపట్టి నిమిషం కాకుండానే ఓడిపోయి నన్ను గిల్లేవాడివి. ఈసారి గిల్లితే చూడు." చెబుతూనే కళ్ళు తుడుచుకుంది. "వదినా, నువ్వు కూడా చెప్పు."

యీరోంగ్ చెప్పింది.

ఇంట్లో పూర్వీకుల పీఠం ముందు అషుయే నెలవంకల్లాంటి రెండు చెక్కలు చేతుల్లోకి తీసుకుంది. ఒక్కోదానికి ఒక వైపు చదును, ఒక వైపు ఉబ్బు. ప్రశ్న అడిగి నేల మీద వెయ్యాలి. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే అవునని. రెండూ ఉబ్బువైపు పైకి ఉంటే కాదని. రెండూ చదునువైపు పైకి ఉంటే అవతలివాళ్ళు నవ్వుతున్నారని. వరసగా మూడు అవునులు వస్తే యుంగ్‌షున్ ఇల్లు చేరినట్టు. నలభై తొమ్మిదో రోజు లోపల ఇది తేలాలి, ఆ తరవాత వాడు ఏ ఇంటివాడూ కాకుండా పోతాడు.

"నాయనా, వచ్చావా?"

నవ్వు వచ్చింది. మళ్ళీ వేస్తే కాదు. ఒకసారి రెండు అవునులు వరసగా పడ్డాయి, మూడోది నవ్వు. మర్నాడూ అంతే. ఒక్క అవునుకి సగానికి సగం అవకాశం, మూడు వరసగా పడాలంటే ఎనిమిదిలో ఒకటి అని యీరోంగ్ మనసులో లెక్క తానే నడిచింది. అషుయే అప్పటికి నలభైసార్లు వేసి ఉంటుంది. ఎప్పుడో పడాల్సింది.

పంతులు వచ్చి చూసి, దారిలో ఎక్కడో పిలుపు తెగింది, ఎక్కడో మీరే వెతుక్కోండి అని వెళ్ళిపోయాడు. కొట్టుకొచ్చే ఆడవాళ్ళు తలా ఒక మాట అన్నారు. యుంగ్‌లాన్ రేడియో పెట్టుకుని నడిపి ఉంటుందని ఒకరు. సోయా పాలకు వచ్చే చేపల బజారు పిన్నమ్మ మాత్రం ఆలోచించి చెప్పింది.

"పోయాక పాస్‌పోర్టు రద్దు చేశారంటున్నావు కదే అషుయే. మరి విమానాశ్రయంలో వాణ్ణి లోపలికి ఎవరు రానిస్తారు? పాపం అక్కడే లైన్లో నిలబడి ఉంటాడు. వాడసలే ఎవరితోనూ పోట్లాడే రకం కాదు."

అందరూ నవ్వారు. అషుయే నవ్వలేదు. మర్నాడు కొట్టు మూసింది. ముప్ఫై రెండేళ్ళలో జ్వరం వచ్చినా, తుఫాను వచ్చినా మూయని కొట్టు. ముగ్గురూ విమానాశ్రయానికి వెళ్ళారు. ప్రయాణికులు బయటికొచ్చే తలుపుల దగ్గర, కొడుకు చొక్కా గుండెకానించుకుని, పెట్టెలు తోసుకుంటూ వస్తున్న జనం మధ్య అషుయే పిలిచింది. వీడు నా కొడుకే, వీడికి కాగితాలు అక్కర్లేదు అని తలుపుకు చెప్పింది. కాపలా మనిషి దగ్గరికి వచ్చి, సంగతి చూసి, దూరంగా వెళ్ళి నిలబడ్డాడు. యుంగ్‌లాన్ ఏడుస్తోంది. యీరోంగ్ పక్కనే నిలబడి తలుపులు ఎన్నిసార్లు తెరుచుకున్నాయో చూస్తోంది. ఇక్కడ లేడని చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ మాట వెనక ఇంకో మాట ఉంది, మీ అబ్బాయి మీ దగ్గరికి రానన్నాడు అని. అది ఆ తల్లికి చెప్పడం కంటే నిలబడి ఉండడమే తేలిక.

ఇంటికొచ్చి చెక్కలు వేస్తే కాదు, కాదు, కాదు.

మర్నాడు మధ్యాహ్నం కొట్టు కట్టేశాక ఇద్దరూ వెనక గదిలో ఉల్లికాడలు శుభ్రం చేస్తూ కూర్చున్నారు. అషుయే చేతులు మామూలు కంటే నెమ్మదిగా ఆడుతున్నాయి. ఇక ఓడరేవుకి కూడా వెళ్ళొద్దాం, ఒకవేళ నీళ్ళమీద వస్తున్నాడేమో అంది. ఇరవై నాలుగో రోజు అది.

"నేను సరస్సు దగ్గర పిలవలేదు అత్తయ్యా," అంది యీరోంగ్.

కత్తి ఆగింది.

"మిగతా అన్నిచోట్లా పిలిచాను. అక్కడే పిలవలేదు. ఆయన ఇక్కడికి రానన్నాడు. ఆ పొద్దునే చెప్పాడు. అక్కడ ఉద్యోగం దొరికింది, అక్కడే ఉంటానన్నాడు. మీకు చెబుతానని ఫోను పట్టుకెళ్ళి చెప్పకుండానే తిరిగొచ్చాడు. వద్దన్న మనిషిని రా అనడానికి నాకు నోరు రాలేదు."

ఆమె తిట్ల కోసం ఎదురుచూసింది. తిడితే బాగుండు అనిపించింది, కనీసం ఏదైనా అనిపిస్తుందేమో. అషుయే చేతిలోని ఉల్లికాడ వేరు తీసి, ఎండాకు ఒలిచి, మిగతా వాటి పక్కన వరసగా పెట్టింది.

"చెప్పాడు," అంది.

యీరోంగ్ తల ఎత్తింది.

"ఆ పొద్దున ఫోను చేశాడు. ఇక్కడ అయిదు. పెనం మీద నాలుగు అట్లున్నాయి, బయట పదిమంది నిలబడ్డారు. అమ్మా, నేను ఇక్కడే ఉండిపోదామనుకుంటున్నా అన్నాడు. నేను ఫోను భుజానికి నొక్కిపెట్టుకుని అట్టు తిప్పుతున్నా. రాకపోతే రాకు, నీ మొహం నాకు చూపించకు అన్నాను. అట్టు మాడుతోందని పెట్టేశాను. రద్దీ తగ్గాక నేనే చేద్దామనుకున్నాను."

వాటం తప్పినా ఇద్దరి చేతులూ పని చేసుకుపోతూనే ఉన్నాయి. యీరోంగ్‌కి ఏడుపు రాలేదు. అత్తగారికీ రాలేదు. కట్టలు కట్టడం అయ్యాక అషుయే చేతులు కడుక్కుని పీఠం గదిలోకి వెళ్ళింది. యీరోంగ్ వెనకే వెళ్ళి గుమ్మంలో నిలబడింది.

"నువ్వు పిలవకపోబట్టి రాలేదనుకున్నావు," అంది అషుయే వెనక్కి చూడకుండానే. "వాడు ఎప్పుడైనా నీ మాటకి లేచాడా? పొద్దున్నే నాలుగింటికి వాణ్ణి లేపడానికి నేనే కావాలి. రావద్దన్నది నేను. నా మాటే పట్టుకుని కూర్చున్నాడు."

చెక్కలు తీసుకుంది. నుదుటికి ఆనించుకుంది. ఈసారి వచ్చావా అని అడగలేదు.

"యుంగ్‌షున్, నేను వచ్చేదాకా అక్కడే ఉంటావా?"

చెక్కలు నేల మీద పడ్డాయి. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా.

రెండోసారి వెయ్యడానికి అషుయే వంగలేదు. వాటిని తీసి తుడిచి పీఠం మీద పెట్టేసింది. రేపటి సోయా గింజలు నానబెట్టడానికి వెళుతూ గుమ్మంలో కోడలి పక్కన ఆగింది.

"పాస్‌పోర్టుకి ఎన్నాళ్ళు పడుతుంది?"

"పది రోజులు పట్టొచ్చు," అంది యీరోంగ్. "వీసాకి ఇంకొన్ని."

"నువ్వు కూడా రావాలి. నాకు దారి తెలీదు."