హెచ్చరిక ఎన్నో నంబరు?

హెచ్చరిక అన్న మాట వింటే ఆ రోజుల్లో నాకు భయం కంటే ముందు ఆకలి వేసేది. గోదావరి ఒడ్డున, పర్ణశాలకు కాస్త ఇవతల మా ఊళ్ళో పెరిగిన వాళ్ళెవరికైనా అంతే. వానాకాలంలో భద్రాచలం దగ్గర నీటిమట్టం చూసి మొదటి ప్రమాద హెచ్చరిక, రెండోది, మూడోది అని వరసగా ప్రకటిస్తారు. మా ఇంట్లో వాటికి అర్థాలు వేరే. మొదటిది వస్తే అమ్మ మిరపకాయ బజ్జీలు వేసేది, నాన్న గట్టుకు పోయి నీళ్ళ అంచున పుల్ల గుచ్చి, అది మునిగేదాకా టీ తాగుతూ కూర్చునేవాడు. రెండోది వస్తే బియ్యం బస్తాలు అటకెక్కేవి. మూడోది వస్తే గొడ్ల పలుపులు విప్పి, నాయనమ్మను ట్రాక్టర్ ఎక్కించి, మెరక మీదున్న బడికి పోవడమే. (నాయనమ్మ ప్రతిసారీ తన దిండు మరిచిపోయేది, ప్రతిసారీ గోదారిని తిట్టేది.) నాన్న చూసిన ప్రమాదాలన్నీ అలా నంబరు వేసుకునే వచ్చాయి. నంబరు లేని ప్రమాదం అంటే ఆయనకు నమ్మకం ఉండేది కాదు.

అప్పుడు నేను ఖమ్మంలో ఓ ప్రైవేటు దవాఖానాలో ల్యాబ్ టెక్నీషియన్‌గా కొత్తగా చేరాను. నా పక్క కుర్చీలో పనిచేసే అక్కను అందరం గూగులక్క అనేవాళ్ళం, అడిగిన దానికీ అడగని దానికీ జవాబు చెప్పేది కాబట్టి. వానాకాలంలో టికెట్లు చవగ్గా దొరుకుతున్నాయని ఆమే కనిపెట్టింది. శ్రీలంక పోదామంది. నేను అప్పటికి హైదరాబాద్ దాటి ఎరగను. సరేనన్నాను గానీ, ఆ సరే అన్న రోజు నుంచే టీవీలో ఆ దేశం గురించి రాని వార్త లేదు. పెట్రోలు బంకుల ముందు క్యూలు, రోడ్ల మీద ఊరేగింపులు, ఎవరో ఒక దేశం వాళ్ళు తమ జనానికి అవసరమైతే తప్ప అటు పోవద్దని చెప్పడం. ఆదివారం ఇంటికి పోయి చెప్పేసరికి అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. నాయనమ్మ నోరు మాత్రం ఆగలేదు. అమ్మవారిని ఎత్తుకుపోయిన చోటు మా పర్ణశాల అనీ, తీసుకుపోయింది లంకకనీ మా వైపు పసిపిల్లలకు కూడా తెలుసు.

"మన దిక్కు నుంచి లంకకు పోయినామె ఒక్కతే," అంది నాయనమ్మ. "ఆమెను తెచ్చుకునేటందుకు ఎంత యుద్ధం చెయ్యాల్సొచ్చింది? మీ నాయిన ఇంటెనక కాల్వ మీద చప్టానే కట్టలే, సముద్రం మీద వారధి యాడ కడతడు?"

నాన్న ఆ మాట పట్టించుకోలేదు. టీవీ వైపే చూస్తూ, "హెచ్చరిక ఎన్నో నంబరు?" అని అడిగాడు.

"దానికి నంబర్లుండవు నాన్నా," అన్నాను.

"నంబరు లేకుండ హెచ్చరికేంది? గట్లయితే ఎప్పుడు లేచి పోవాల్నో జనానికి ఎట్ల తెలుస్తది?"

నిజం చెప్పాలంటే ఆయన వద్దంటే బాగుండునని నాకు లోపల ఎక్కడో ఉంది. గూగులక్కకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టి, నాన్న అడిగిందే అడిగాను. ఆమె రిపోర్టు చదివినంత నిబ్బరంగా, "మొదటిదే బాబాయ్," అంది. నాన్న టీవీ కట్టేశాడు. "మొదటిదైతే పోయిరా బిడ్డా. రెండోదొస్తే సామాన్లు పైన పెట్టుకో. మూడోదొస్తే సామాన్లు ఇడిచిపెట్టి జల్దీ మెరకకు పో, ఎవరి కోసం ఆగకు. రోజూ పొద్దుగూకంగనే ఫోన్ చేస్త," అన్నాడు. నాయనమ్మ తన వంతుగా, జింకలు గిట్ల కనబడితే వెంట పడొద్దని చెప్పింది.

లంకలో దిగిన దగ్గర్నుంచి నేను పడ్డ భయం తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఆటో ఎక్కితే దాని నంబరు ఫోటో తీసి నాన్నకు పంపేదాన్ని. ఎవరైనా నవ్వితే ఎందుకు నవ్వారా అని ఆలోచించేదాన్ని. మేం దిగిన గెస్ట్‌హౌస్ కొండమీద ఊళ్ళో, ఆ ఊళ్ళో కూడా అన్నిటికంటే ఎత్తున ఉంది. అయినా నేను పై అంతస్తు గది కావాలని పట్టుబట్టాను. ఆ ఇంటి యజమానురాలు, అమ్మ వయసు ఆంటీ, ఎందుకని అడిగింది. నీళ్ళొస్తే, అన్నాను. ఆమె కిటికీలోంచి కిందికి, లోయకేసి చూసి, మళ్ళీ నాకేసి చూసింది. "భయపడకమ్మా, వార్తల్లో చెప్పేటంత ఏమీ లేదు. మా ఊరు అలాంటిది కాదు," అంది ఇంగ్లీషులో. నేను నమ్మలేదు. మర్నాడు పచ్చిక మైదానం చూడ్డానికి పోతే ఒక పెద్ద జింక తాపీగా మా వ్యాన్ దగ్గరికే వచ్చింది. అందరూ దిగి ఫోటోలు దిగారు. నేనొక్కదాన్నే వ్యాన్లో అద్దాలు ఎక్కించుకుని కూర్చున్నాను. (బంగారు రంగుదేమీ కాదు, మామూలు జింకే. అయినా ఎందుకొచ్చిన గొడవ.)

రోజూ చీకటి పడే వేళకు నాన్న ఫోన్ వచ్చేది. "నంబరు మారిందా?" అని ఒకటే మాట. మారలేదంటే పెట్టేసేవాడు. ఒక సాయంత్రం ఆ ఫోన్ రాలేదు. నేను చేస్తే స్విచాఫ్. అమ్మదీ అంతే. చార్జింగ్ లేదేమో అనుకున్నాను, టవర్ పడిపోయిందేమో అనుకున్నాను. గూగులక్క తన ఫోన్ చూస్తూ చూస్తూ ఉన్నట్టుండి మాట్లాడ్డం మానేసింది. ఫోన్ లాక్కుని చూశాను. పైన ఎక్కడెక్కడో కురిసిన వానకు గోదావరి పొంగి, భద్రాచలం దగ్గర మూడో హెచ్చరిక దాటిపోయింది.

తిండి సహించలేదు. బజ్జీలు తింటూ ఎదురుచూసే వరదను అంత దూరం నుంచి చూస్తే ఎంత భయంకరంగా ఉంటుందో మొదటిసారి తెలిసింది. ఆంటీ మా ఫోన్లో వరద వీడియోలు చూసి బుగ్గలు నొక్కుకుంది. "ఇంత ప్రమాదమైన చోట ఎలా ఉంటారమ్మా? ఇప్పుడు వెళ్ళొద్దు, ఇక్కడే క్షేమంగా ఉండు," అంది. నాకు కోపం వచ్చింది. "మా ఊరు అలాంటిది కాదు ఆంటీ," అన్నాను. అన్నాక తెలిసింది, అది మొదటి రోజు ఆమె నాకు చెప్పిన మాటే. ఆమెకూ గుర్తొచ్చినట్టుంది, నా చెయ్యి పట్టుకుని కూర్చుంది.

మర్నాడు మధ్యాహ్నానికి తెలియని నంబరు నుంచి ఫోన్ మోగింది. వెనక గొడ్ల అరుపులు, పిల్లల ఏడుపులు, ఎవరో బకెట్లు లాగుతున్న చప్పుడు.

"నేనే బిడ్డా," అన్నాడు నాన్న. "ఫోన్ వేరేటోళ్ళది, జల్దీ చెప్పు. అక్కడ నంబరు మారిందా?"

ఏడుస్తూనే, "మీరెక్కడున్నరు నాన్నా?" అన్నాను.

"బడిల. మూడోదొచ్చింది గదా. గొడ్లు మంచిగనే ఉన్నయ్, మీ అమ్మ అందరికి పులిహోర కలుపుతాంది. ఇల్లు నడుం దాక మునిగింది, కడుక్కుంటే పోతది. మా సంగతి ఇడిచిపెట్టు. మారిందా లేదా?"

"లేదు నాన్నా. మొదటిదే."

"అవ్, అయితే మంచిదే. పైలం బిడ్డా, తెలవని ఊరు." ఆ వెనకాలే నాయనమ్మ గొంతు వినిపించింది, మళ్ళీ దిండు మరిచిపోయిందట.

నాయనమ్మకు లంక నుంచి బూరుగు దూది దిండు తెచ్చాను. గోడల మీద బురద గీత ఆరుతుండగా ఆ దిండు వాసన చూసి, పర్వాలేదంది. ఆ తర్వాత నాకు పెళ్ళయింది. మా ఆయనది కూసుమంచి, గోదావరి మొహం పండక్కి పబ్బానికి చూసిన మనిషి. మొన్న ఆయన స్నేహితులతో నేపాల్ పోతానన్నాడు. అప్పుడే టీవీలో ఏవో గొడవలు, పోవద్దని హెచ్చరికలు. "ఎన్నో నంబరు?" అన్నాను నాకు తెలియకుండానే. "నంబరేంది?" అన్నాడాయన. నేను కంగారుపడి నాన్నకు ఫోన్ చేశాను.

"మొదటిదే అనుకోని పోనియ్ బిడ్డా," అన్నాడు నాన్న.

"నీకెట్ల తెలుసు నాన్నా?"

"నాకేం తెలుసు. ఆ పొద్దు మీ గూగులక్కకు మాత్రం తెలుసా ఏంది? ఏదో ఒక నంబరు చెప్తే గదా, ఇంట్లోళ్ళకు పోనిచ్చేటందుకు ధైర్యమొచ్చేది."

ఇన్నేళ్ళూ మేమే ఆయన్ని ఒప్పించామనుకుని మురిసిపోతున్నాను. మా ఆయన్ని పోనిచ్చాను. రోజూ పొద్దుగూకగానే ఫోన్ చేసి, నంబరు మారిందా అని అడుగుతున్నాను. పాపం, ఆయనకు అర్థం కాకపోయినా మారలేదనే చెబుతున్నాడు.