సుగుణను వెతుక్కుంటూ చాంపియన్ రీఫ్ దాకా

కోలారు బంగారు గనులకు నేను గనులు చూడటానికి వెళ్ళలేదు. అవి మూతబడి చాలా ఏళ్ళయింది. కిందటి నెల చిత్తూరులో ఒక పెళ్ళిలో మా చిన్ననాటి టీచరమ్మ కలిసి, "మీ సుగుణ ఇంకా ఆ గని లైనింట్లోనే ఉందమ్మా" అన్నారు. ఆ మాట విన్నాక ఇక ఆగలేకపోయాను.

గనులు సర్కారు చేతికి వచ్చాక మా నాన్న అక్కడ టైమాఫీసులో గుమాస్తాగా చేరారు. నాకు పదమూడేళ్ళు వచ్చేదాకా అదే మా ఊరు.

ఉదయం ఆరింటికి చిత్తూరులో బస్సెక్కాను. నంగలి దగ్గర సరిహద్దు దాటగానే బోర్డుల మీద అక్షరాలు కన్నడంలోకి మారాయి. బస్సులో మాటలు మాత్రం మారలేదు. ములబాగిలులో ఇంకో బస్సు ఎక్కితే పక్కన బైరకూరు రైతమ్మ ఒకామె కూర్చుంది, ఒళ్ళో మామిడిపళ్ళ సంచి.

"యాడికమ్మా?"

"కేజీఎఫ్‌కు. స్నేహితురాలిని చూడాల."

"చూసి ఎన్నాళ్ళయిందేమి?"

"నలభై ఏళ్ళు దాటింది."

ఆమె నన్ను ఎగాదిగా చూసి, రెండు పళ్ళు నా చేతిలో పెట్టింది. "వట్టి చేతుల్తో పోవద్దు తల్లీ."

పదిన్నరకు రాబర్ట్‌సన్‌పేటలో దిగాను. మార్కెట్టు వెనక లాడ్జిలో మేడమీద గది దొరికింది. పాత కట్టడం. కిటికీ తెరిస్తే మార్కెట్టు రేకుల కప్పు, దాని కింద పూలూ ఎండుచేపలూ కలిసిన వాసన. లాడ్జి యజమాని పేరు రాసుకుంటూ, "ఈడ చూసేదానికి ఏముండాదమ్మా? అంతా అయిపాయె" అన్నాడు.

నిజానికి ఆ పూటే సుగుణ ఇంటికి వెళ్ళవచ్చు. ధైర్యం చాలలేదు. నేతిదోసె తిని వీధుల్లో తిరిగాను. తాడు పట్టి గీసినట్టున్న వీధులు, చిన్నప్పుడు ఎంత వెడల్పుగా ఉండేవో! అమ్మ చెయ్యి పట్టుకుని జీతాల వారంలో తిరిగిన బట్టల కొట్టు ఇప్పుడు సెల్‌ఫోన్ల కొట్టు. బేకరీ మాత్రం అలాగే ఉంది. క్రిస్మస్‌కు అక్కడ కేకు కోసం సుగుణా నేనూ వరసలో నిలబడేవాళ్ళం. ఒకప్పుడు గని సైరను విని గడియారాలు సరిచేసుకున్న ఊరది. నాలుగు గంటలకు నాకు తెలియకుండానే చెవులు దానికోసం ఎదురుచూశాయి.

మర్నాడు ఏడింటికి బయలుదేరాను. ఆటో ఎక్కలేదు. ఊరిగాం దాటాక ఎడంవైపు సైనైడు దిబ్బలు మొదలయ్యాయి. బంగారం తీసేశాక మిగిలిన మట్టిని కొండల్లా పోసినవి. ఎండ పడితే గోధుమరంగులో మెరుస్తాయి. ఒక దిబ్బ ముందు కాళ్ళు ఆగిపోయాయి.

నాకు పదమూడేళ్ళప్పుడు ఒక శనివారం మధ్యాహ్నం టైమాఫీసుకు నాన్న క్యారియర్ తీసుకెళ్ళాను. గనిలోకి దిగే ప్రతి మనిషీ ఒక ఇత్తడి బిళ్ళ తీసుకుపోయి, పైకొచ్చాక దాన్ని అక్కడి బోర్డు మీది కొక్కేనికి తగిలించాలి. ఆ రోజు నేను చేరకముందే నేల అదిరింది. లోతులో రాయి ఒత్తిడికి పేలడాన్ని మావాళ్ళు ఏర్ బ్లాస్ట్ అనేవారు. గిన్నెలు గలగలలాడటం మాకు మామూలే. కానీ ఈసారి షిఫ్టు ముగిసినా బోర్డు మీద నాలుగు కొక్కేలు ఖాళీగా ఉన్నాయి. అందులో ఒకటి సుగుణ నాయనది. నాన్న ఫోను చేత్తో మూసి, "ఎవరితోనూ అనకు. ఇంటికి పో" అన్నారు.

దారిలో సుగుణ ఎదురైంది. "మా నాయన పైకొచ్చినాడా?" అని అడిగింది.

"ఇంకా టైముండాదంట. దిబ్బ మీద జారదాం రా" అన్నాను. సాయంత్రం దాకా ఆమెను అక్కడే ఉంచాను. ఆమె పగలబడి నవ్వుతూ జారుతోంది. నేనూ నవ్వాను. దీపాలు పెట్టే వేళకు ఎవరో వచ్చి సుగుణను తీసుకుపోయారు. తర్వాత మూడు నెలలకు మేం ఊరు వదిలేశాం.

చాంపియన్ రీఫ్ గని కూలీల లైన్లు చేరేసరికి ఎనిమిదిన్నర. ఒకదానికొకటి ఆనుకున్న ఒంటిగది ఇళ్ళు, గుమ్మాల ముందు ముగ్గులు. ఒక గడప మీద కళ్ళద్దాలు పెట్టుకుని చింతపండు గింజలు తీస్తున్న మనిషి తలెత్తింది.

"పద్మవేనా నువ్వు?"

నేను చెప్పకముందే సుగుణ గుర్తుపట్టింది. కాఫీ పెట్టింది. కూతురు తెల్లారకముందే బెంగుళూరు రైలుకు ఉద్యోగానికి పోతుందని చెప్పింది. నేను తెచ్చిన మామిడిపండు కోసి నా ముందు పెట్టింది. నేను తినలేక, ఆ శనివారం సంగతి మొత్తం చెప్పేశాను.

సుగుణ కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టింది.

"మాయమ్మ గని షాఫ్టు గేటు కాడ ఒక్కతే నిలబడినాది పద్మా. 'ఆ పొద్దు నువ్వు యాడుంటివే' అని సచ్చేదాకా అడిగినాది. ఆడుకుంటా ఉంటిని అని చెప్పేదానికి నోరు రాలేదు నాకు."

"నావల్లే" అన్నాను.

"అవును, నీవల్లే" అంది.

తిట్టి ఉంటే తేలికయ్యేది. ఆమె లేచి చెప్పులేసుకుంది. "రా."

శ్మశానం పావుగంట నడక. నాయన సమాధి పక్కనే అమ్మ సమాధి, సున్నం వెలిసిపోయి ఉంది. సుగుణ దాని మీది ఎండుటాకులు చేత్తో ఊడ్చి, గట్టిగా, పక్కింటావిడతో మాట్లాడినట్టు చెప్పింది.

"అమ్మా, టైమాఫీసాయన బిడ్డ వచ్చినాది. ఆ పొద్దు ఇదే నన్ను రానీలేదంట. నాకు తెలీదమ్మా. తెలిసింటే పరిగెత్తుకుంటా వచ్చింటాను."

అప్పుడు ఏడ్చింది. నేను భుజం మీద చెయ్యి వేయబోయి ఆగాను. కాసేపటికి తనే నా చెయ్యి పట్టుకుంది.

"నీకు పదమూడేండ్లే గదా" అంది. తర్వాత, "అయినా చెప్పాల్సింది" అని కూడా అంది. రెండూ నిజమే.

మధ్యాహ్నం ఆమె ఇంట్లో రాగిముద్ద, ఉలవచారు తిన్నాం. లాడ్జి గది ఖాళీ చేసి సంచితో తిరిగి వచ్చేసరికి సుగుణ చాంపియన్ స్టేషనులో బెంచీ మీద కూర్చుని ఉంది. రైలు కదిలేటప్పుడు చెయ్యి ఊపలేదు. "మళ్ళా వస్తే లాడ్జిలో దిగొద్దు" అని మాత్రం అంది.

ఆ ఊరికి వెళ్ళేవాళ్ళు నడిచే చూడండి. అది అయిపోయిన ఊరని లాడ్జి యజమాని అన్న మాట నేను ఒప్పుకోను. బంగారుపేటలో కాట్పాడి బండి కోసం నిలబడి ఉండగా, ఆరున్నరకు బెంగుళూరు రైలు వచ్చింది. పెట్టెల నిండా కేజీఎఫ్‌కు తిరిగి వెళ్ళే జనం. తలుపు దగ్గర వేలాడుతున్న ఒకమ్మాయి ఫోనులో అరుస్తోంది:

"వచ్చేసినానమ్మా! బంగారుపేట వచ్చేసినా. ఇంగ అన్నం వండు!"