ఉబ్బిన ప్లేటులో నాలుగో క్వార్క్

1972. బాపట్లలో ఒక కాలేజీ ఫిజిక్స్ డిపార్ట్‌మెంటు వెనక, కిటికీలకు నల్లగుడ్డ కట్టిన చిన్న గదిలో నా ఉద్యోగం. హోదా స్కానర్. రేపల్లెలో మావాళ్ళకు ఆ మాట ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కలేదు. "మా కరుణ భూతద్దంలో గాజుపలకలు చూస్తదంట" అని మా అమ్మ చర్చిలో అందరికీ చెప్పేది. నిజానికి అంతకన్నా బాగా నేనూ చెప్పలేకపోయేదాన్ని.

అయినా చెప్తాను. విదేశాల్లో యాక్సిలరేటర్ అనే పెద్ద యంత్రంలో ప్రోటాన్లను విపరీతమైన వేగంతో తరిమి ఎమల్షన్ ప్లేట్ల మీదికి వదిలేవారు. ఎమల్షన్ అంటే ఫోటో ఫిల్ము మీద ఉండే జిగురు పొర లాంటిదే, కాకపోతే బాగా మందం. దాన్ని కడిగి మైక్రోస్కోపులో చూస్తే కణం వెళ్ళిన దారి నల్లచుక్కల గీతగా కనిపిస్తుంది. ప్రోటాన్ వెళ్ళి అణుకేంద్రాన్ని గుద్దినచోట గీతలు నలువైపులా చిమ్ముతాయి. దాన్ని స్టార్ అంటాం. అలాంటి ప్లేట్లు కొన్ని బొంబాయి నుంచి మాకు అరువు వచ్చాయి. స్టార్లు వెతకటం, ఒక్కోదాని చుట్టూ ఏదైనా తేడాగా ఉందేమో చూడటం నా పని.

ప్రోటాన్ లాంటి కణాల లోపల క్వార్కులనే ఇంకా చిన్న కణాలుంటాయని, అవి మూడు రకాలని అప్పటికి చెప్పుకునేవారు. ఇంకా బరువైన నాలుగోది ఒకటి ఉండి తీరాలని కొందరి వాదన. చూసినవాళ్ళు లేరు. అది ఉన్న కణం ఒకవేళ పుట్టినా, తలవెంట్రుక మందమంత దూరం పోయేలోపే విరిగిపోతుందట. విద్యుదావేశం లేని కణమైతే అది నడిచిన దారి కూడా కనపడదు. అంటే స్టార్ పక్కన కాస్త ఖాళీ, ఆ ఖాళీ చివర ఉన్నట్టుండి పుట్టిన రెండు గీతలు. ఇంగ్లీషు వీ అక్షరంలా ఉండే ఆ రెండు గీతల్ని మేం 'వీ' అనేవాళ్ళం.

నాకు ఈ పని అప్పగించిన ఫిజిక్స్ లెక్చరరు, మా సారు, ఆ వీ కోసం ఎనిమిదేళ్ళుగా కాపు కాశారు. నలభై దాటినా పెళ్ళి చేసుకోలేదు, స్నేహితులు లేరు. స్టాఫ్ రూంలోకి అడుగు పెడితే చాలు, "ఏంటండీ, మీ క్వార్కు ఇంకా దొరకలేదా? పోలీసు కంప్లైంటు ఇవ్వకపోయారా?" అని ఎవరో ఒకరు అనేవారు. ఆయన నవ్వేసి బయటికొచ్చేసేవారు. ఆ డిసెంబరులోగా చెప్పుకోదగ్గదేమీ దొరకకపోతే గది ఖాళీ చెయ్యమని కాలేజీవాళ్ళు తేల్చి చెప్పారు.

మొదట్లో స్కానర్లం ఇద్దరం. పిట్టలవానిపాలెం అమ్మాయి సుశీల, నేను. ఒకరు చూసిన ప్లేటు రెండోవాళ్ళు మళ్ళీ చూడాలి, అదీ పద్ధతి. మార్చిలో సుశీలకు పెళ్ళయి వెళ్ళిపోయింది. ఆమె స్థానంలో ఇంకెవర్నీ వేయలేదు. అప్పటినుంచి పొద్దున పది నుంచి అయిదు దాకా ఆ చీకటి గదిలో నేనొక్కదాన్నే. పలకరించే దిక్కు లేదు. సాయంత్రం బయటికొచ్చి రిక్షా అతనితో మాట్లాడితే నా గొంతు నాకే కొత్తగా వినపడేది. చెప్పొద్దూ, కొన్నిరోజులు ఏడుపొచ్చేది.

ఇక్కడే నా తప్పు మొదలైంది. వానాకాలంలో తలుపు చెక్క ఉబ్బినట్టే ఎమల్షన్ కూడా తేమ పీల్చి ఉబ్బుతుంది. పొర ఉబ్బితే అందులో గీతల లోతు లెక్కలూ మారతాయి. అందుకని రోజూ పని మొదలుపెట్టే ముందు ప్లేటు మందం కొలిచి నోట్‌బుక్కులో రాయాలి. అసలే బాపట్ల, సముద్రపు గాలి. కానీ ఎండాకాలమంతా రోజూ అదే అంకె వస్తుంటే నాకు విసుగెత్తింది. అడిగేవాళ్ళెవరు? ముందు పేజీ తిప్పి, నిన్నటి అంకే ఎక్కించేసేదాన్ని.

ఆగస్టులో ముసురు పట్టిన ఒక రోజు పాత ప్లేటు మళ్ళీ చూస్తున్నాను. మేలో నేనే లోతు కొలిచి రాసిపెట్టిన ఒక స్టార్ పక్కన, అప్పుడు నా కంట పడని వీ ఒకటి కనిపించింది. వీ లోతు కొలిచాను. స్టార్‌కు మేలో రాసిన అంకే తీసుకుని రెండూ కలిపి లెక్క కట్టాను. స్టార్‌లో పుట్టిన కణమే విరిగి రెండు ముక్కలైతే, స్టార్ నుంచి వీ కొసకు గీసిన గీత, వీ రెండు కాళ్ళూ ఒకే తలంలో పడాలి. అచ్చంగా పడ్డాయి.

సారు అరగంట సేపు మైక్రోస్కోపు మీద నుంచి తల ఎత్తలేదు. ఎత్తాక కళ్ళు తుడుచుకుని, "అయితే నాకు పిచ్చి లేదన్నమాట, కరుణా" అన్నారు. నేను చేరిన నాలుగేళ్ళలో మొదటిసారి, "కాఫీ తాగావా అమ్మాయ్?" అని అడిగారు. బొంబాయికి ఉత్తరం రాశారు. ప్లేటు పట్టుకుని స్వయంగా రమ్మని జవాబొచ్చింది. సోమవారం ప్రయాణం.

శుక్రవారం ఎండ కాసింది. ప్లేటుతోపాటు పంపటానికి బొమ్మ గీయాలని మళ్ళీ మైక్రోస్కోపు కింద పెట్టాను. ఎందుకో మందం కూడా కొలిచాను. మేలో వచ్చిన అంకే వచ్చింది. మళ్ళీ వీ లోతు చూస్తే, ముసురు రోజు రాసిన లోతు కాదు. అంటే ఆ రోజు ప్లేటు ఉబ్బి ఉంది. ఎండినప్పుడు కొలిచిన స్టార్‌నీ, ఉబ్బినప్పుడు కొలిచిన వీనీ కలిపి లెక్క కట్టాను నేను. సరిచేసి చూస్తే వీ ఎటో చూస్తోంది, స్టార్‌తో దానికి సంబంధమే లేదు. మూడుసార్లు కొలిచాను.

చెప్పలేదు. సారు ఆ రోజు స్టాఫ్ రూంలో అందరికీ స్వీట్లు పంచారు, ఇంకేం చెప్తాను? మర్నాడు రేపల్లె వెళ్ళిపోయాను. ఆదివారం చర్చిలో కూర్చోలేక మధ్యలోనే లేచొచ్చి రైలెక్కాను.

తెనాలిలో బండి మారాలి. బాపట్ల వైపు వెళ్ళే పాసింజరుకు ఇంకా రెండు గంటలుంది. బెంచీ మీద కూర్చుని, సారుకు ఏ మాటతో మొదలుపెట్టాలా అని పైకే అనుకుంటున్నట్టున్నాను. పక్కన జామకాయల బుట్టతో కూర్చున్న ముసలమ్మ నావంక చూసి, "ఏంటమ్మా, ఒక్కదానివే గొణుక్కుంటున్నావు? ఎవరన్నా పోయారా?" అంది.

"ఎవరూ పోలేదు అవ్వా. తప్పు చేశాను."

"ఎవరికి తెలుసు?"

"నాకే."

"అయితే ఇంటికి పో, ఎండన పడి ఎందుకు?" అని ఆమె ఒక కాయ నా చేతిలో పెట్టింది. ఒక్క క్షణం నిజంగానే వెనక్కి పోదామనిపించింది. కానీ కదల్లేదు, బాపట్ల బండి రాగానే ఎక్కేశాను.

సారు ఇంట్లో ప్లేటును దూదిలో పెట్టి చెక్కపెట్టెలో సర్దుతున్నారు. ఇస్త్రీ చొక్కా మంచం మీద ఉంది. గుమ్మంలో నిలబడే చెప్పేశాను.

"సార్, ఆ రోజు మందం కొలవలేదండి. ముందు పేజీ అంకే ఎక్కించానండి. ఆ వీ ఆ స్టార్‌ది కాదండి."

"ఎన్నాళ్ళుగా ఇట్లా?"

"సుశీల వెళ్ళాక, ఎండాకాలం చివర్నుంచండి."

"బుద్ధుందా నీకు?" అని అరిచారు. ఆయన గొంతు అంత పెద్దదని నాకు అప్పటిదాకా తెలియదు. తర్వాత గొంతు తగ్గించి అడిగారు, "ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదండి. నాకూ మీకే తెలుసు." దాచిపెట్టమంటారేమోనని భయపడ్డాను. దాచిపెట్టమంటే బాగుండునని ఆశ కూడా పడ్డాను, అబద్ధమెందుకు?

సారు పెట్టెలోంచి దూది ఒక్కో ముక్కే బయటికి తీయటం మొదలుపెట్టారు. "రేపు టెలిగ్రాం ఇవ్వాలి, రావటంలేదని," అన్నారు. నన్ను వెళ్ళమనీ అనలేదు, కూర్చోమనీ అనలేదు. నేనే వచ్చేశాను.

డిసెంబరులో గది ఖాళీ చేశారు. ప్లేట్లు బొంబాయి వెళ్ళిపోయాయి. నాకు తెనాలిలో ఒక ఆసుపత్రి లాబ్‌లో రక్తం స్లైడ్లు చూసే పని దొరికింది. సారుకు మొహం చూపించలేక రెండేళ్ళు బాపట్ల వైపే వెళ్ళలేదు.

1974 నవంబరులో పేపర్లో, లోపలి పేజీలో చిన్న వార్త. అమెరికాలో రెండుచోట్ల ఒకేసారి కొత్త బరువైన కణం ఒకటి బయటపడిందట. ఒకచోట కణాల్ని ఎదురెదురుగా ఢీకొట్టించి చూశారట. సారు వెతికింది ఇదేనేమో అనిపించింది, కానీ ఎవరితో చెప్పుకోను? ఆసుపత్రిలో చెప్తే నర్సు, "అయితే ఏంటంట?" అంది. సెలవు పెట్టి బాపట్ల బండెక్కాను.

సారు వరండాలో అదే పేపరు ముందేసుకుని కూర్చున్నారు. జుట్టు బాగా నెరిసింది. నన్ను చూడగానే లేచి, "చూశావా కరుణా? అందరూ ఒప్పుకోవటానికి టైం పడుతుంది గానీ, ఇందులో ఉన్నది నాలుగోదే. ఉంది, ఉందమ్మా!" అన్నారు.

"మనకు దొరకలేదు కదండీ" అన్నాను, ఏడుపు ఆగక.

"దొరకలేదు. కానీ ఆ ఆదివారం నువ్వు రాకపోయుంటే, ఇవాళ ఈ వార్త చదివి నేను తలుపేసుకుని కూర్చోవాల్సి వచ్చేది. దొరికిందని దొంగమాట రాసినవాడికి, నిజంగా దొరికిన రోజున సంతోషించే మొహం ఉండదు. చూడు, హాయిగా నవ్వుతున్నాను." నిజంగానే నవ్వుతున్నారు.

నా ఉద్యోగంలో నేను నేర్చుకున్నది అంతే. ఆ సాయంత్రం బాపట్ల మొత్తంలో ఆ వార్తకు సంతోషించినవాళ్ళం బహుశా మేమిద్దరమే. ఆయనే కాఫీ కలిపి తెచ్చారు, చీకటి పడేదాకా నాలుగో క్వార్క్ గురించి మాట్లాడుకుంటూ కూర్చున్నాం.